బిదీలె వాలు మీదుగా

గవీనా మెలిస్ ఎవరి మాటా నమ్మే మనిషి కాదు. దారుల విషయంలో అసలే కాదు. "ఇంకేముంది, కొండ ఎక్కుడు అయిపోయింది" అని ఎవరైనా అంటే వాడు అబద్ధాలకోరైనా అయ్యుండాలి, కారులో తిరిగేవాడైనా అయ్యుండాలి అనేది. మ్యాపులో ఫలానా చోట ఊట ఉందని గుర్తు పెట్టి ఉన్నా, తను వెళ్ళి దోసిట పట్టి ఒక గుక్క తాగేదాకా ఆ ఊట లేనట్టే లెక్క.

మా దీవి నడిమి కొండల్లో ఉన్న సొరానే ఊళ్ళో ఆమె చాలా ఏళ్ళు ఉత్తరాలు పంచింది. ఊరొక్కటే కాదు, చుట్టూ కొండల్లో చెల్లాచెదురుగా ఉన్న ఇళ్ళు, గొర్రెల దొడ్లు, రైలు గేటు దగ్గర కాపలావాడి ఇల్లు, అన్నీ ఆమె వంతే. ఒక వేసవిలో పోస్టాఫీసు స్కూటరు మూలపడితే, కొత్తది వచ్చేదాకా అంటూ తమ్ముడి రేసు సైకిలు తీసుకుంది. కొత్త స్కూటరు వచ్చినా సైకిలు దిగలేదు. అప్పటికే నలభై దాటిన మనిషి. పొట్టి లాగు వేసుకుని కొండలెక్కుతుంటే చర్చి మెట్ల మీది ముసలమ్మలు శిలువ గుర్తు వేసుకునేవాళ్ళు. ఆమె ఆగి, వాళ్ళ ఉత్తరాలు వాళ్ళ చేతిలో పెట్టి, ఏమీ పట్టనట్టు వెళ్ళిపోయేది.

మా సైకిల్ సంఘం కూడేది నా కాఫీ బారులోనే. ఏటా మే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరి, కొండలన్నీ ఎక్కి దిగి, చీకటి పడేలోపు మళ్ళీ బారు ముందుకే వచ్చి చేరతాం. చుట్టు అంటే మాకు అదే. పూర్వం ఆ చుట్టు గీసే పని మా బావది. ఒక ఏడు ఆయన మ్యాపు చూసి గీసిన దారి, దిగుడు మధ్యలో తాళం వేసిన గేటు దగ్గర ఆగిపోయింది. ఎండ మాడుస్తోంది, సీసాల్లో నీళ్ళు లేవు, గేటు అవతల దొడ్డి కుక్కలు. ఆ సాయంత్రం ఎవరూ ఏమీ అనకుండానే మేమంతా గవీనత్త అని పిలిచే ఆమె చేతికి మ్యాపు వెళ్ళిపోయింది. అప్పట్నుంచి చలికాలం పోయేసరికి ఆమె ఒక్కతే బయల్దేరి, ఏ గేటు ఎవరిదో, ఏ మలుపులో కంకర జారుతుందో, ఆదివారం ఎవరు కొట్టు తీస్తారో, స్వయంగా చూసుకుని వచ్చేది.

ఆమె భర్త బస్తియాను గొర్రెల కాపరి. మాట తక్కువ. ఊరి చివర దొడ్డి, జున్ను చేసుకునే గది, అవే అతని లోకం. పిల్లల్లేరు. పెళ్ళాం కొండల్లో ఒంటరిగా తిరుగుతుందని ఎవరైనా ఎత్తిపొడిస్తే, "తిరిగి ఇంటికే వస్తుందిగా" అనేవాడు. అంతకుమించి అతని గురించి నాకే కాదు, ఊళ్ళో ఎవరికీ తెలిసింది లేదు.

ఆ ఏడు మార్చిలో ఊళ్ళోకి ఒక కొత్త మనిషి వచ్చాడు. పేరు ఎరాల్డో, ఊరు సముద్రం అవతలి జెనోవా. ఓడలో కారు వేసుకుని, కారు మీద సైకిలు కట్టుకుని వచ్చాడు. నా బారు పైన ఖాళీగా ఉన్న గది ఒక నెలకని తీసుకున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. పిక్కలు చూస్తే కొండలు తొక్కే మనిషేనని తెలుస్తుంది. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ అడిగాడు.

"ఇక్కడి దారులన్నీ తెలిసిన ఆవిడ ఒకరున్నారట కదండీ. రోజంతా తొక్కే గట్టి చుట్టు ఒకటి గీయించుకోవాలి."

మార్చిలో మా ఊరికి ఎవరూ రారు. వస్తే గాలిమరల కంపెనీవాళ్ళే రావాలి. మా కొండల నెత్తిన మరలు పాతడానికి రెండేళ్ళుగా తిరుగుతున్నారు. ఒకడు పక్షుల కోసం వచ్చానంటాడు, ఒకడు పుట్టగొడుగుల కోసమంటాడు. ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చునే ఎలియాస్ ముసలాయన, ఎరాల్డో మేడ మీదికి వెళ్ళగానే నా వైపు తిరిగాడు.

"ఏరా ప్రియామో, ఈసారి మరలోళ్ళు సైకిలెక్కించి పంపారా?"

"తొక్కుకోడానికి వచ్చాడంట మావా."

"జెనోవాలో రోడ్లు అరిగిపోయాయా ఏంటి?"

మధ్యాహ్నానికల్లా ఎవరో ఆ సైకిలు రెండు చక్రాల గాలీ తీసేశారు. ఎరాల్డో కిందికి దిగొచ్చి చూశాడు. పంపు తెచ్చుకుని గాలి కొట్టుకున్నాడు. "కోపం రాలేదంటే ఏదో పని మీదే వచ్చాడు" అని తేల్చేశాడు ఎలియాస్.

సాయంత్రం గవీనత్త వచ్చింది. బల్ల మీద మ్యాపు పరిచి, మూలలు లేవకుండా చక్కెర డబ్బా, ఉప్పు సీసా పెట్టింది. మ్యాపు కంటే ముందు ఎదురుగా కూర్చున్న మనిషిని చూసింది.

"గుండె బాగుందా?"

"బాగుందండీ."

"మోకాళ్ళు?"

"బాగున్నాయి."

"కుక్కలంటే భయమా?"

అతను కొంచెం ఆలోచించి, "కుక్కలంటే కాదు" అన్నాడు.

ఆమె తల పంకించి వేలు మ్యాపు మీద పెట్టింది. మధ్యాహ్నం దాటితే వాయవ్యం నుంచి మయెస్త్రాలె గాలి లేస్తుంది, కాబట్టి చెట్టూ చేమా లేని గట్టు దారి పొద్దున్నే దాటెయ్యాలి. తర్వాత తూర్పు లోయలోకి దిగి, కార్క్ చెట్ల మధ్య నుంచి రెండో ఎక్కుడు. జెన్నా కనుమ ఆఖర్న, గాలి వీపుకి తగిలేలా. వంద కిలోమీటర్లకు బాగా పైబడే దారి, అందులో చదునుగా ఉండేది సొరానే వీధి ఒక్కటే.

సైకిలు తొక్కేవాళ్ళు అడిగేవి ఎప్పుడూ ఒకటే రకం. ఎంత నిటారు, రోడ్డు ఎలా ఉంటుంది, నీళ్ళెక్కడ, కాఫీ ఎక్కడ. ఎరాల్డో అందులో ఒక్కటీ అడగలేదు. రైలు కూత ఏ వాలు మీదికి వినిపిస్తుంది అన్నాడు. బండ కింద నీళ్ళు పారే చోటు ఎక్కడైనా ఉందా, పైకి కనపడకుండా చప్పుడు మాత్రం వచ్చేది, అన్నాడు. పడమటి వైపు పాత దొడ్లు ఏవేవి, అప్పట్లో అవి ఎవరివి అన్నాడు.

గవీనత్త చక్కెర డబ్బా తీసి పక్కన పెట్టింది. మ్యాపు దానంతటదే చుట్టుకుంది.

"దొడ్లతో మీకేం పని?"

"ఊరికేనండీ."

"మా దగ్గర ఊరికే అన్నవాడికి ఎవరూ జవాబు చెప్పరు."

దారి తనే దగ్గరుండి చూపిస్తానని చెప్పి అతన్ని పంపాక ఆమె నాతో, "వీడు మరలోడు కాదురా. మరలోడు కొండ నెత్తి చూస్తాడు. వీడు కొండ పొట్ట చూస్తున్నాడు" అంది.

"మరి దారి చూపిస్తానని ఎందుకన్నావ్?"

"కళ్ళెదురుగా ఉంటే ఏం చేస్తున్నాడో తెలుస్తుంది."

ముందు తూర్పు సగం తొక్కి చూద్దామని ఇద్దరూ ఒక మబ్బు రోజున బయల్దేరారు. ఆ రోజు జరిగింది ఆమె నాకు చాలాకాలం తర్వాత, ముక్కలు ముక్కలుగా చెప్పింది. రెండో ఎక్కుడులో ఆమె వెనక ఉంది. కావాలనే ఉంది. ముందు వెళ్ళేవాడి వీపు చూస్తే మనిషి తెలుస్తాడని ఆమె నమ్మకం. బాదం పూలు రాలిపోయి గోధుమ పచ్చబడిన కాలం అది. లోయ అవతల మా చిన్న రైలు, వేసవి యాత్రికుల కోసం అప్పుడప్పుడూ నడిపేది, కాలం రాకముందు పట్టాలు సరిచూసుకోడానికి బయల్దేరినట్టుంది. ఒకసారి కూసింది.

ఎరాల్డో బ్రేకు వేశాడు. సైకిలు రాతిగోడకి ఆనించి నేల మీద కూలబడిపోయాడు. గుండెపోటు అనుకుంది గవీనత్త. సీసా మూత తీసి ఇచ్చింది. అతను గబగబా తాగాడు, నీళ్ళు గడ్డం మీదుగా కారాయి.

"ఇదే కూత. కానీ ఇటు నుంచి కాదు" అన్నాడు. "అటు వైపు నుంచి వినాలి."

"ఏం కూత? ఎవరయ్యా నువ్వు?"

అప్పుడు చెప్పాడు. తొమ్మిదేళ్ళప్పుడు ఈ దీవిలోనే సముద్రం ఒడ్డున వాళ్ళ వేసవి ఇంటి నుంచి అతన్ని ఎత్తుకుపోయారు. కళ్ళకి పట్టీ వేసి, ఏదో కొండలో బండ కింద గుంటలో ఒక చలికాలమంతా ఉంచారు. వాళ్ళు అడిగిన డబ్బు తండ్రి ముట్టజెప్పాక ఒక తెల్లవారుజామున రోడ్డు మీద వదిలేశారు. ఆ రోజుల్లో మా కొండల్లో అలాంటివి జరిగేవి. మా ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరికీ ఏమీ తెలియదు.

"పోలీసులు అడిగారు, డాక్టర్లు అడిగారు. ఎక్కడ అంటే చెప్పలేకపోయాను. చూస్తే కదా చెప్పడానికి. నాకు తెలిసినవన్నీ చప్పుళ్ళే. కారులో తిరిగితే అవి వినపడవు. నడిస్తే ఎన్ని కొండలని నడుస్తాను. అందుకే సైకిలు. మీ ఊళ్ళో నోరు తెరిచి అడిగితే ఎవరైనా చెబుతారా?"

"చెప్పరు" అంది గవీనత్త.

"రొట్టె తెచ్చేవాడు ఒకడుండేవాడు. మాట్లాడేవాడు కాదు. రాత్రిళ్ళు బాగా చలిగా ఉంటే పొయ్యిలో కాల్చిన రాయి ఉన్నిగుడ్డలో చుట్టి నా కాళ్ళ దగ్గర పెట్టి పోయేవాడు. వచ్చే ముందు ఈల వేసేవాడు. వాణ్ణి కనుక్కుని దండం పెడతానో, మొహం మీద కొడతానో నాకు తెలీదండీ."

"ఏం ఈల?"

ఎరాల్డో పెదాలు తడుపుకుని ఈల వేశాడు. ఒకటి పొడుగ్గా పైకి, రెండు పొట్టిగా కిందికి. "ఆఖరి దాంట్లో కొంచెం గాలి పోయేది" అని, అదీ వేసి చూపించాడు.

మా దగ్గర ప్రతి కాపరి ఇంటికీ ఒక ఈల ఉంటుంది. ఆ ఈలకి పక్క దొడ్డి గొర్రె తల కూడా ఎత్తదు. గవీనత్త ఆ ఈల తన పెళ్ళయిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నా సాయంత్రం వింటోంది. మావగారి ఈలా అదే, కాదనలేం. కానీ మావగారికి పళ్ళన్నీ సవ్యంగా ఉండేవి. ముందు పన్ను పొట్టేలు పొడిచి విరిగింది బస్తియానుకి, చిన్నప్పుడే. ఆఖరి ఈలలో గాలి పోయేది అతనికే.

ఆమె సీసా మూత బిగించింది. లేచి చేతులు దులుపుకుని, "వాన వచ్చేలా ఉంది, దిగుదాం" అంది. వాన రాలేదు.

మర్నాడు బారులో మళ్ళీ మ్యాపు పరిచారు. ఎరాల్డో పడమటి వాలు మీద, బిదీలె అనే చోట వేలు పెట్టాడు. రైలు పట్టాలకి సరిగ్గా ఎదురుగా ఉన్న వాలు అది.

"ఇటు నుంచి వెళ్దామండీ."

"కుదరదు. బిదీలె వంతెన కొట్టుకుపోయింది."

గ్లాసులు తుడుస్తున్న నా చేతులు ఆగిపోయాయి. ముందు వారమే నేను అడవి తోటకూర కాడల కోసం ఆ వంతెన మీదుగా వెళ్ళి వచ్చాను. ఇన్నేళ్ళలో గవీనత్త ఎవరికీ ఒక్క మలుపు గురించి కూడా అబద్ధం చెప్పగా నేను వినలేదు. నా వైపు చూసింది. ఆ చూపుకి నేను మళ్ళీ గ్లాసులు తుడవడం మొదలుపెట్టాను. బిదీలెలో పాత దొడ్డి ఆమె మావగారిదేనని నాకు అప్పుడు గుర్తొచ్చింది. కిటికీ దగ్గర ఎలియాస్ పేపరు పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పేపరు మొన్నటిది.

తర్వాత కొన్ని రోజులు గవీనత్త సైకిలు తీయలేదు. భర్తని గమనిస్తూ కూర్చుంది. ఎటు వెళ్తున్నాడు, ఎవరితో ఆగి మాట్లాడుతున్నాడు, ఎవరిని చూసి పక్కకి తప్పుకుంటున్నాడు. జెనోవా మనిషి ఊళ్ళో దిగినప్పట్నుంచి బస్తియాను బారుకి రాలేదని ఆమెకి అప్పుడు తట్టింది. ఒక పొద్దున అతను జున్ను గదిలో పాలు విరగ్గొడుతుంటే, వెనక నిలబడి ఆ ఈల వేసింది. కావాలని ఆఖర్న గాలి వదిలి వేసింది.

బస్తియాను చెయ్యి బాన మీదే ఆగిపోయింది.

"ఎక్కడ విన్నావ్?"

"నీ నోట్లోనే వింటున్నానుగా ఇన్నేళ్ళు. ఎందుకలా అడుగుతున్నావ్?"

అతను మళ్ళీ పాలు కలపడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి గొర్రెల్ని ఈల వేసి పిలవడం మానేశాడు. నాలుకతో చప్పుడు చేసి పిలిచేవాడు. గొర్రెలు తికమకపడి అటూ ఇటూ చెదిరిపోయేవి. దాంతో ఆమెకి ఇక అనుమానం లేకపోయింది.

"ఆ చలికాలం రొట్టె ఎవరికి మోశావ్?" అని సూటిగా అడిగేసింది ఒక మధ్యాహ్నం, భోజనం బల్ల దగ్గర.

బస్తియాను అప్పడంలా పెళుసుగా ఉండే కరసావ్ రొట్టె ముక్కని చేత్తో నలిపాడు. పొడి బల్ల మీద పడింది.

"పోలీసుల నుంచి పారిపోయి వచ్చినోడు ఒకడున్నాడు, తిండి పెట్టాలి అన్నాడు నాన్న. నాకు పందొమ్మిదేళ్ళు. నాన్న మాటకి ఎదురు చెప్పేవాళ్ళమా మేం?"

"పిల్లాడని ఎప్పుడు తెలిసింది?"

అతను బల్ల మీది పొడిని కుప్ప చేశాడు.

"బస్తియానూ. ఎప్పుడు?"

"రెండో రోజే. దుప్పటి కింద నుంచి పాదాలు కనిపించాయి. చిన్న పాదాలు."

"రెండో రోజు నుంచి చలికాలం ఆఖరిదాకా మోశావు."

"మోశాను. నేను మానేస్తే ఇంకొకడు తెచ్చేవాడు. వాడు రాయి పెట్టేవాడు కాదు."

"నువ్వు ఒక్కసారి కొండ దిగొచ్చి నోరు విప్పి ఉంటే, వాడు క్రిస్మస్‌కి వాళ్ళమ్మ దగ్గర ఉండేవాడు."

"అవును" అన్నాడు బస్తియాను.

"ఇంకెవరెవరున్నారు?"

"నాన్న."

"నాన్న ఒక్కడేనా?"

దానికి అతను బల్ల దగ్గర్నుంచి లేచిపోయాడు.

అదే రోజు ఆమె బారుకి వచ్చింది. ఎరాల్డో మూల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే అన్నాడు.

"బిదీలె వంతెన చూసొచ్చానండీ పొద్దున. బ్రహ్మాండంగా ఉంది. దాని మీద నుంచి గడ్డి లారీ వెళ్ళింది."

"తెలుసు. అబద్ధం చెప్పాను."

"మీవాళ్ళెవరున్నారు ఇందులో?"

"నా మొగుడు."

బారులో మేం ముగ్గురమే ఉన్నాం. ఎరాల్డో ఆమెనీ, నన్నూ, తలుపునీ, మళ్ళీ ఆమెనీ చూశాడు.

"ఇప్పుడు అక్కడికి తీసుకెళ్తానంటారు. నేను వస్తాను. అక్కడ నాకోసం ఎవరు కాచుకుని ఉంటారో నాకేం తెలుసు?"

"తెలీదు. నన్ను నమ్మక్కర్లేదు, మీ స్థానంలో నేనుంటే నమ్మను. దారంతా ప్రియామోకి చెప్పి బయల్దేరదాం. దీపాలు పెట్టేవేళకి మనం రాకపోతే వాడు పోలీసులకి ఫోన్ చేస్తాడు. చేస్తావుగా?"

"చేస్తాను" అన్నాను. చేస్తానో లేదో ఆమె ఒక్క క్షణం నా కళ్ళలోకి చూసి తేల్చుకుంది.

తర్వాత మ్యాపు పరిచి చుట్టు మొత్తం మార్చి గీసింది. మొదట అనుకున్న గట్టు దారి పొద్దున్నే అలాగే ఉంచింది. తూర్పు లోయ తీసేసి, పడమటికి తిప్పి బిదీలెని మధ్యలోకి తెచ్చింది. ఎరాల్డో దాన్ని ఆఖర్న పెట్టమన్నాడు. అక్కడితో అయిపోతుంది కదా, తర్వాత ఇక ఎక్కడికీ తొక్కక్కర్లేదు కదా అని.

"ఆఖర్న వద్దు. అలసిపోయిన మనిషి ఏదైనా అనేస్తాడు, దేనికైనా ఒప్పేసుకుంటాడు. ఒంట్లో బలం ఉన్నప్పుడే చూడండి దాన్ని. దాని తర్వాత జెన్నా కనుమ ఉంటుంది. ఎక్కాలి కాబట్టి ఎక్కుతారు."

అలా ఒక ఎండ రోజున, మంచు ఇంకా గడ్డి మీద ఉండగా ఇద్దరూ బయల్దేరారు. జేబుల్లో రొట్టె, గొర్రెపాల పెకొరీనో జున్ను, ఎండు అత్తిపళ్ళు పెట్టుకున్నారు. నేను బారు గుమ్మంలో నిలబడి వాళ్ళు మలుపు తిరిగేదాకా చూశాను. కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. ఎలియాస్ ఆ రోజు రాలేదు.

గట్టు దారిలో గాలి లేదని, అంతా సవ్యంగా సాగిందని గవీనత్త చెప్పింది. ఎరాల్డో ఆగాగి చెవి ఒగ్గేవాడు. ప్రతి గొర్రె గంటకీ, ప్రతి కారు చప్పుడుకీ వెనక్కి తిరిగి చూసేవాడు. ఒకచోట అతను మూత్రానికని పొదల చాటుకి వెళ్ళి ఎంతకీ రాకపోతే, పారిపోయాడేమో అనుకుందట ఆమె. ఇంకోచోట ఒక జీపు చాలాసేపు వాళ్ళ వెనకే నెమ్మదిగా వచ్చి, పక్క దారిలోకి తిరిగిపోయింది. అందులో ఎవరున్నారో ఆమె చూసింది. నేను ఎన్నిసార్లు అడిగినా పేరు చెప్పలేదు.

బిదీలె వాలు మొదట్లో కార్క్ చెట్లు, బెరడు ఒలిచినచోట బోదెలు ఎర్రగా. పైకి పోయేకొద్దీ మలుపు మలుపుకీ రాయి ఎక్కువవుతుంది. అన్నిట్లోకీ చిన్న గేరులో తొక్కుతున్నా ఆమెకి ఊపిరి అందలేదు. అది ఎక్కుడు వల్ల కాదు. బస్తియాను పొద్దున తనకంటే ముందే లేచి వెళ్ళిపోయాడు. దొడ్డి దగ్గర ఉంటానన్నాడు. ఉంటాడని ఆమెకి నమ్మకం లేదు. సముద్రం ఒడ్డున చెల్లెలి ఇంటికి బస్సెక్కేసి ఉంటాడని సగం దారి నుంచే అనుకుంటోంది. ఒక్కడే ఉంటాడా అన్నది ఇంకో భయం.

ఉన్నాడు. ఒక్కడే ఉన్నాడు. పాత రాతి గుడిసె ముందు నిలబడి, కుక్కల్ని రెండింటినీ కట్టేసి, టోపీ చేత్తో పట్టుకుని ఉన్నాడు.

ఎరాల్డో సైకిలు దిగి, దాన్ని పడుకోబెట్టకుండా పట్టుకునే నిలబడ్డాడు. ఇద్దరి మధ్య సైకిలు ఉంది.

"ఎక్కడ?" అన్నాడు.

బస్తియాను గుడిసె వెనక బండ వైపు చూపించాడు. ఎరాల్డో అప్పుడు సైకిలు గవీనత్త చేతికిచ్చి వెళ్ళాడు. బండ కింద నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. గుంట ముళ్ళతో మూసుకుపోయింది. ముళ్ళు తనే లాగి పారేశాడు, చేతులు గీరుకుపోయాయి. మోకాళ్ళ మీద వంగి లోపలికి దూరబోయాడు. తల, భుజాలు మాత్రమే పట్టాయి. అలాగే ఉండిపోయాడు. బయటికి అతని బూట్లు, పిక్కలు, వీపు కనిపిస్తున్నాయి. ఎంతసేపు ఉన్నాడో ఆమెకి తెలియదు.

వెనక్కి వచ్చి నేల మీద కూర్చుని బస్తియానుని అడిగాడు.

"నువ్వే కదా ఈల?"

"నేనే."

"ఎందుకు వేసేవాడివి?"

"వచ్చేది నేనే అని తెలియాలని. ఇంకొకళ్ళనుకుని భయపడతావని."

"ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"నాన్నంటే భయం. నాన్న పోయాక చెప్పొచ్చు కదా అంటావు. అప్పటికి పెళ్ళయింది. ఈమెకి ఏమని చెప్పను. అలా అలా పోయింది."

"అలా అలా పోయింది" అని ఎరాల్డో ఆ మాటనే మళ్ళీ అన్నాడు. "మిగతావాళ్ళు?"

బస్తియాను టోపీ అంచు తిప్పుతూ నేల చూశాడు. ఎరాల్డో లేచాడు. బస్తియాను చెయ్యి చాపబోయి, సగంలో ఆపేశాడు. ఎరాల్డో ఆ చెయ్యి చూశాడు. అందుకోలేదు. కొట్టనూ లేదు. బండ కింది ఊట దగ్గర సీసా నింపుకుని, తాగి, మళ్ళీ నింపుకుని, సైకిలెక్కి గవీనత్తతో "కనుమ ఎటు?" అన్నాడు.

జెన్నా ఎక్కుడులో అతను ఎంత గట్టిగా తొక్కాడంటే ఆమె అందుకోలేకపోయింది. మలుపు తిరిగేలోపు కనపడకుండా పోయేవాడు. అతను పైన ఆగకుండా అటే సూటిగా పోలీస్ ఠాణాకి పోతాడేమో అనుకుంది. పోతే పోనీ అని కూడా అనుకుంది. పైకి చేరేసరికి కనుమ రాయి మీద కూర్చుని, మొహం కడుక్కుని, ఆమె కోసం చూస్తున్నాడు. ఇద్దరూ అత్తిపళ్ళు తిన్నారు. దీపాలు పెట్టకముందే వచ్చేశారు. నేను ఫోను పక్కనే కూర్చుని ఉన్నాను.

ఎరాల్డో ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యకుండానే ఆ వారంలో ఓడెక్కాడు. ఠాణాకి వెళ్ళింది బస్తియాను. గవీనత్త బస్సులో వెంట వెళ్ళి గుమ్మం దగ్గర దింపి వచ్చింది, మధ్యలో దిగిపోతాడేమోనని. కాలం దాటిపోయిన కేసు, శిక్ష ఉండదన్నారు. పేర్లు అడిగారు. అతను చచ్చిపోయిన తండ్రి పేరొక్కటే చెప్పాడు. అంత పెద్ద పని ఒక ముసలి కాపరి, ఒక కుర్రకుంక చెయ్యలేరని ఠాణావాళ్ళకీ తెలుసు, మాకూ తెలుసు.

ఆ తర్వాత ఊళ్ళో సగంమంది వాళ్ళ దగ్గర జున్ను కొనడం మానేశారు. కొందరు పిల్లాడిని దాచినందుకు, కొందరు చెప్పినందుకు. ఎలియాస్ ఒకరోజు నా బారులో, ఆమెకి వినపడేలా, "మొగుడిని అప్పజెప్పొచ్చిన ఆడది మనకి దారి చూపిస్తుందంట" అన్నాడు.

గవీనత్త కాఫీ కప్పు కింద పెట్టి ఆయన దగ్గరికి వెళ్ళింది. "ఎలియాస్ మావా, ఆ చలికాలం నువ్వు గొర్రెలు ఎక్కడ మేపుకున్నావు?"

"ఎప్పుడో జరిగింది. నాకేం గుర్తుంటుంది?"

"నాకు గుర్తుంది. ఎక్కడా మేపలేదు. అంతకుముందే అన్నీ అమ్మేశావు. మళ్ళీ వేసవికి కొత్త మంద వచ్చింది నీకు, ఏ డబ్బుతోనో."

ఎలియాస్ టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఆమె బారులో ఉంటే లోపలికి రాడు. అద్దంలోంచి చూసి పక్క వీధిలోకి తిరుగుతాడు. దాంతో ఏదో రుజువైందని నేననను. మంద అమ్ముకుని కొనుక్కున్నవాళ్ళు ఆ రోజుల్లో చాలామంది ఉన్నారు. మా నాన్న కూడా ఉన్నాడు.

బస్తియాను ఆ ఇంట్లోనే ఉంటున్నాడు. ఆమె మాత్రం వేసవంతా పక్క గదిలో పడుకుంది. దొడ్డికి వెళ్తున్నానంటే ఏ దొడ్డికి అని అడుగుతుంది, ఆలస్యమైతే సైకిలేసుకుని చూసొస్తుంది. "ఇంకా ఏం మిగిలిందత్తా అనుమానపడ్డానికి" అంటే, "ఒకటి అంతకాలం దాచగలిగినవాడు రెండోది దాచలేడా" అంది నాతో.

ఆ మేలో సంఘం చుట్టు ఆమె బిదీలె మీదుగానే గీసింది. ఇంకో దారి చూడమని చాలామంది చెప్పి చూశారు, నేనూ చెప్పాను. "నీళ్ళున్నాయి అక్కడ, తాగి చూశాను" అంది. కొందరు మోకాలు నొప్పని రాలేదు, కొందరు పెళ్ళి ఉందని రాలేదు. వచ్చినవాళ్ళం వాలు ఎక్కి పాత దొడ్డి దగ్గరికి చేరాం. ఆమె అందరికంటే ముందు చేరి, రోడ్డు పక్క నిలబడి ఉంది. కొందరం సైకిళ్ళు దిగి బండ దాకా వెళ్ళాం. కొందరు సీసాలు నింపుకోకుండా, తల వంచుకుని తొక్కుకుంటూ కనుమ వైపు పోయారు. ఎవరు ఆగారో, ఎవరు ఆగలేదో ఆమె ఒక్కొక్కళ్ళనే చూసింది. ఎవరి పేరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.